విశాఖలో తాళం పడ్డ భవనాలు: ఎందుకు ఖాళీగా ఉన్నాయి, లోపలికి వెళ్తే ఏమవుతుంది

క్లుప్తంగా: విశాఖలో పాడుబడినట్టు కనిపించే భవనాల్లో యజమాని లేనిది దాదాపు ఉండదు. వాటాలు తెగకపోవడం, కోర్టు కేసులు, తీరప్రాంత నిబంధనలు, ఊరి కేంద్రం వేరే చోటికి జరిగిపోవడం, వీటివల్లే తాళాలు పడ్డాయి. ఉప్పు గాలి వల్ల ఈ భవనాలు పైకి కనిపించేదానికన్నా లోపల చాలా బలహీనంగా ఉంటాయి. మూతపడ్డ ఫ్యాక్టరీల్లో ప్రమాదం ఇంకా ఎక్కువ. చూడదగ్గ వింతల్లో చాలావాటికి మాత్రం గోడ దూకాల్సిన పనే లేదు.

ఫోన్ తీస్తే చాలు, పాడుబడ్డ బంగళాల వీడియోలు వరసగా వస్తున్నాయి. రాత్రిపూట టార్చిలైటు, విరిగిన కిటికీ, వెనక భయపెట్టే మ్యూజిక్, పైన 'దయ్యాల కొంప' అని పెద్దక్షరాలు. స్థలాల ధరలు ఇంతగా పెరిగిన ఊళ్లో, సముద్రానికి ఇంత దగ్గరగా, ఇంత మంచి జాగా ఎవరికీ పట్టనట్టు ఎందుకు పడి ఉందని చూసేవాళ్లకు అనుమానం రావడం సహజం. వీడియోలో దానికి జవాబు ఉండదు. ఎవరో ఉరేసుకున్నారనో, ఎవరిదో శాపమనో ఒక మాట అనేసి ముందుకు వెళ్లిపోతారు. అసలు కారణాలు రిజిస్ట్రార్ ఆఫీసులో, సివిల్ కోర్టులో, సముద్రం మీంచి వచ్చే గాలిలో ఉన్నాయి. దయ్యం కథ కన్నా అవే ఆసక్తిగా ఉంటాయి కూడా.

## ఊరు ఉత్తరానికి జరిగింది

పాత పట్నం అంటే ఇప్పటి వన్‌టౌన్. ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టి, తర్వాత చుట్టూ కోట కట్టుకుంది. కోట పోయింది కానీ కోటవీధి మిగిలింది, సోల్జర్‌పేట మిగిలింది. కలెక్టరు, కోర్టు, రేవు అన్నీ ఇక్కడే ఉండటంతో చుట్టుపక్కల జమీందార్లకు, అంటే జయపురం, బొబ్బిలి, కురుపాం, విజయనగరం వాళ్లకు, పట్నంతో ఎప్పుడూ పని పడేది. కురుపాం మార్కెట్ దగ్గరి కమాను, టౌన్‌హాల్, బీచ్ రోడ్డులో జయపురం మహారాజా కట్టించిన హవామహల్ అలా వచ్చినవే. ఉన్న ఊరిలో రాబడి, పట్నంలో బంగళా, అదీ అప్పటి ఏర్పాటు.

ఆ ఏర్పాటు రెండు వైపుల నుంచి విరిగింది. ఒకటి, డబ్బు. 1948లో మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చాక జమీందార్లకు శిస్తు రాబడి ఆగిపోయింది. పదిమంది పనివాళ్లు, ఏటా సున్నం, దూలాల మరమ్మతు లేకపోతే నిలవని ఇళ్లు అవి. నష్టపరిహారం వచ్చింది కానీ ఏటేటా వచ్చే శిస్తుకు అది సాటి రాదు కదా.

రెండోది, ఊరి నడక. 1933 అక్టోబర్‌లో ఓడరేవు తెరుచుకున్నాక పట్నానికి పడమరగా ఉన్న ఉప్పుటేరు ప్రాంతం రేవుకూ రైలు యార్డులకూ వెళ్లిపోయింది. ఒకపక్క సముద్రం, ఒకపక్క రేవు, మధ్యలో ఇరుక్కుపోయిన వన్‌టౌన్‌కు పెరగడానికి చోటు లేదు. కొత్త సంస్థలు ఎత్తు మీదున్న వాల్తేరు వైపు వెళ్లాయి. కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) 1923లో మొదలైంది, 1926లో ఏర్పడ్డ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కూడా ఆ వైపే స్థిరపడింది. తర్వాత బట్టల కొట్లు, సినిమా హాళ్లు జగదాంబ, డాబాగార్డెన్స్, ద్వారకానగర్‌కు చేరాయి, ఇళ్లు సీతమ్మధార, ఎంవీపీ కాలనీకి, ఈ మధ్య మధురవాడ దాకా వెళ్లిపోయాయి. ఇలా ఒక్కో తరం ఒక్కో మెట్టు ఉత్తరానికి జరిగినప్పుడల్లా వెనక కొన్ని తలుపులకు తాళాలు పడ్డాయి.

వన్‌టౌన్‌లో తాళం పడనివి కూడా సగం ఖాళీవే. కింద కొట్టు నడుస్తుంటుంది, పైన మిద్దె మీద రావి మొక్క మొలిచి ఉంటుంది. కారణం పాత అద్దెలు. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కింద అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించాలంటే కోర్టుకు కారణాలు రుజువు చేయాల్సి వచ్చేది, అందుకు ఏళ్లు పట్టేది. అద్దె నామమాత్రం కాబట్టి యజమాని రిపేరు చేయించడు. జాగా మంచిది కాబట్టి అద్దెకున్నవాడు కదలడు. గోడ మాత్రం బీటలు వారుతూనే ఉంటుంది.

## వాటా తెగని ఇల్లు

వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లో, బీచ్ రోడ్డుకు వెనక వీధుల్లో గేటుకు గొలుసు కట్టి ఉన్న బంగళాల్లో ఎక్కువ వాటికి మూలం వారసత్వమే. తాతగారు కట్టిన ఇంటికి మూడో తరం వచ్చేసరికి వాటాదారులు డజను మంది కావడం మామూలే. 1985 సెప్టెంబర్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, 2005 నుంచి దేశమంతటా, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు వచ్చింది. ఎప్పుడో జరగాల్సిన న్యాయమే అది. అంతకుముందు నోటిమాట మీద అన్నదమ్ముల మధ్య తేలిపోయిన పంపకాలను మళ్లీ తెరవాల్సి వచ్చింది కూడా అప్పుడే. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు అమెరికాలో, ఒకరు లేరు, వాళ్ల పిల్లలు ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. వీళ్లందరి సంతకాలూ ఒకే దస్తావేజు మీదికి రావాలి. ఒక్కరు కుదరదంటే పార్టిషన్ దావా పడుతుంది, కోర్టు 'ఉన్నది ఉన్నట్టు ఉంచండి' అని స్టేటస్ కో ఇస్తుంది. ఆ తర్వాత అమ్మడానికి లేదు, కూల్చడానికి లేదు, మరమ్మతుకు డబ్బు పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఇక్కడే అసలు మెలిక ఉంది. కేసు లేని బంగళాలు ఏమయ్యాయో చూస్తే అర్థమవుతుంది. అవి డెవలప్‌మెంట్‌కి వెళ్లిపోయాయి. బిల్డరు తన ఖర్చుతో అపార్ట్‌మెంట్ కట్టి, ఫ్లాట్లలో ఒప్పుకున్న వాటా స్థలం వాళ్లకిచ్చి, మిగతావి అమ్ముకుంటాడు. నాలుగు పడగ్గదులూ ఒక వరండా ఉన్న ఇంటిని ఆరుగురికి పంచలేరు, ఆరు ఫ్లాట్లను మాత్రం తలా ఒకటి తీసుకోవచ్చు. కుటుంబ తగాదాకు అపార్ట్‌మెంటే పరిష్కారమైంది కాబట్టే వాల్తేరు వీధుల్లో బంగళాలు అంత వేగంగా మాయమయ్యాయి. మిగిలిన పాత బంగళా చాలాసార్లు గొడవ తేలకపోవడం వల్లే మిగిలింది. ఏ తగాదా దాన్ని పాడుపెడుతోందో ఆ తగాదాయే దాన్ని కూలకుండా కాపాడుతోంది కూడా. అందుకని ఖాళీ బంగళాను ఎవరికీ పట్టనిదిగా లెక్కేస్తే తప్పు. అవసరానికి మించి ఎక్కువమందికి పట్టిన ఆస్తి అది.

గోడల మీద 'ఈ స్థలం కోర్టు వివాదంలో ఉన్నది', 'ఇది ఫలానావారి సొంత స్థలం, ఆక్రమిస్తే చర్యలు' అని రాసి ఉండటం విశాఖలో అందరూ చూసేదే. ఆ రాతల వెనక 1963 కాలపరిమితి చట్టం ఉంది. వేరేవాళ్లు బహిరంగంగా, ఆటంకం లేకుండా 12 ఏళ్లు ఒక ప్రైవేటు స్థలాన్ని తమదన్నట్టు అనుభవిస్తే, అసలు యజమాని దాన్ని తిరిగి రాబట్టుకునే హక్కు కోల్పోయే ప్రమాదం ఉంది. ప్రభుత్వ భూమికైతే ఆ గడువు 30 ఏళ్లు. కబ్జా భయం ఎప్పుడూ ఉండే ఊరిది. కాబట్టి లోపల నలుగురు కుర్రాళ్లు కెమెరాతో తిరుగుతున్నారని తెలియగానే వాచ్‌మన్ అంత గట్టిగా కేకలేయడానికి, యజమాని బంధువు అరగంటలో దిగిపోవడానికి కారణం ఇదే. వాళ్లకు వీడియో గొడవ కాదు, ఎవరో కాలు మోపుతున్నారన్న టెన్షన్.

దీనికి తోడు నిషేధిత భూముల జాబితా, అదే జనం 22ఏ అనేది. రిజిస్ట్రేషన్ చట్టంలో ఆ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ భూముల్లాంటివి చేర్చితే క్రయవిక్రయాలకు రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. పొరపాటున చేరిన సర్వే నంబరును తీయించుకోవడానికి తిరిగినవాళ్లకు ఆ బాధ తెలుసు. కాగితం కదలనంతకాలం దాని మీద ఉన్న ఇల్లూ కదలదు.

## బీచ్ రోడ్డు లెక్క వేరు

సముద్రం ఒడ్డున ఇంకో నియమం పనిచేస్తుంది. తీరప్రాంత నియంత్రణ మండలం నిబంధనలు, అంటే సీఆర్‌జెడ్, 1991లో మొదటిసారి వచ్చాయి. 2011లో, 2019లో మారాయి. ఇప్పటికే కట్టడాలతో నిండిన పట్టణ తీరంలో కొత్త భవనం కట్టాలంటే ఉన్న రోడ్డుకో, ఉన్న అధీకృత కట్టడానికో నేల వైపునే కట్టాలి, సముద్రం వైపు కుదరదు. ఒడ్డున ఉన్న పాత కట్టడాన్ని కూల్చేస్తే మళ్లీ అంతే లాభదాయకంగా కట్టుకోగలమన్న నమ్మకం యజమానికి ఉండదు. అలాగని ఉన్నదాన్ని నిలబెట్టడం ఖర్చుతో కూడిన పని. ఈ రెంటి మధ్య కొన్ని భవనాలు ఏళ్లకేళ్లు అలా ఉండిపోతాయి.

ఈ ఇరకాటం పాత భవనాలకే పరిమితం కాదు. 2020 అక్టోబర్‌లో వాయుగుండం దెబ్బకు 'ఎంవీ మా' అనే బంగ్లాదేశ్ సరుకు నౌక లంగరు నిలవక తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. దాన్ని రెస్టారెంట్‌గా, పర్యాటక ఆకర్షణగా మారుస్తామన్నారు. జనం సెల్ఫీలు దిగారు, ఏళ్లు గడిచాయి, ఆ ప్లాన్ మాత్రం ఒడ్డెక్కలేదు. రుషికొండ మీద పాత హరిత రిసార్ట్ తీసేసి కట్టిన కొత్త భవనాలైతే 2024లో ప్రభుత్వం మారాక దేనికి వాడాలన్న చర్చల్లోనే చాలాకాలం ఖాళీగా ఉన్నాయి. రాజకీయ వాదనలు పక్కన పెడితే భవన నిర్వహణ కోణంలో ఒక మాట స్పష్టం: సముద్రపు గాలికి కొత్తదీ పాతదీ తేడా లేదు, మనుషులు వాడని రోజు నుంచి తరుగుదల మొదలవుతుంది.

## ఉప్పు గాలి చేసే పని

పాడుబడ్డ భవనాల్లోకి వెళ్లేవాళ్లు ఎక్కువగా భయపడేది పాములకు. ఆ భయం న్యాయమైనదే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ ఉండే ప్రాంతం ఇది, ఇటుకల కుప్ప, ఎలుకలు ఉన్నచోట అవీ ఉంటాయి. కానీ ఎక్కువ నిశ్శబ్దంగా పనిచేసేది గాలిలోని ఉప్పు.

విశాఖ పాత ఇళ్లలో రెండు రకాల కట్టుబడి కనిపిస్తుంది. మొదటిది ఇటుక, గానుగ సున్నం, పైన మద్రాస్ టెర్రస్. అంటే గోడ నుంచి గోడకు టేకు దూలాలు, వాటి మీద చిన్న వాసాలు, ఆపైన సన్నటి ఇటుకల్ని నిలువుగా ఏటవాలుగా పేర్చి, సున్నం కాంక్రీటు కొట్టి, మీద తాపడం. చాలా మంచి పద్ధతి, వందేళ్లు సునాయాసంగా నిలుస్తుంది, ఇంట్లో మనుషులుండి ఏటా వానలకు ముందు మిద్దె చూసుకుంటే. వదిలేసిన ఇంట్లో ఏమవుతుందంటే, మిద్దె మీద నీరు పోయే గొట్టం ఆకులతో మూసుకుపోతుంది, నీరు నిలిచి గోడలోకి దిగుతుంది. దూలం కొన గోడలో కూరుకుని ఉంటుంది కదా, గాలి తగలని ఆ జానెడు భాగమే మొదట పుచ్చుతుంది. కింద నుంచి చూస్తే దూలం నిక్షేపంగా, నల్లగా, గట్టిగా కనిపిస్తుంది. వేలితో తట్టినా మోగుతుంది. గోడలోపలి కొన మాత్రం పొడైపోయి ఉంటుంది, మొత్తం బరువు నాలుగు అంగుళాల పొట్టు మీద ఆగి ఉంటుంది. పైన ఒక మనిషి నడిస్తే చాలు.

రెండోది 1950ల తర్వాతి ఆర్‌సీసీ, అంటే లోపల ఇనుప కడ్డీలు వేసిన కాంక్రీటు. దీని జబ్బు వేరే. ఉప్పులోని క్లోరైడ్ కాంక్రీటు సందుల్లోంచి లోపలి ఇనుప కడ్డీ దాకా చేరుతుంది. కడ్డీ తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు అసలు ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అది ఉబ్బి, కింద ఉన్న కాంక్రీటును పెచ్చులుగా ఊడదోస్తుంది. శ్లాబు కింద తుప్పు రంగు చారలు, నిలువునా కడ్డీ వరసలో బీటలు కనిపిస్తే లోపల పని చాలా దూరం వెళ్లిందని అర్థం. బాల్కనీలు, సన్‌షేడ్లు, మెట్ల కింది పలకలు ముందు పోతాయి. వీడియో కోసం అందరూ నిలబడేది కూడా సరిగ్గా అక్కడే.

ఈ రెండూ కలిసినచోట ఇంకా చెడ్డది. సున్నం గోడ తేమను పీల్చి మళ్లీ బయటికి వదిలేస్తుంది. దాని మీద 'గట్టిగా ఉంటుంది' అని సిమెంట్ ప్లాస్టర్ చేస్తే తేమ బయటికి రాలేక లోపలే ఉండిపోయి, ఉప్పు స్ఫటికాలు కట్టి, ఇటుకను పిండి చేస్తుంది. పాత ఇంటిని బాగు చేయాలనుకుని చేసిన రిపేరే దాన్ని తొందరగా చంపిన సందర్భాలు చాలా ఉన్నాయి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోవడం దీనికి ఒక కారణం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు బెంగుళూరు పెంకులు లేచిపోయి, తర్వాత కప్పు వేయని ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కప్పు పోయిన గోడ ఎన్నో వానాకాలాలు ఆగదు.

గోదాముల్లో, షెడ్లలో ఉండే సిమెంటు రేకుల సంగతి విడిగా చెప్పాలి. అవి వయసుతో పెళుసుబారతాయి, పైన నాచు పట్టి జారతాయి, మనిషి బరువు ఆపవు. కింద చూడటానికి దిట్టంగా ఉంటాయి కాబట్టి పైకెక్కినవాళ్లు మధ్యలో అడుగేస్తారు, తిన్నగా కిందికి పడతారు. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, విరిగినప్పుడు వచ్చే ధూళి ఊపిరితిత్తులకు హానికరం.

## మూతపడ్డ ఫ్యాక్టరీ చచ్చిపోయిన ఫ్యాక్టరీ కాదు

2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ అనే, ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం ఆవిరి బయటికి వచ్చింది. 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, లాక్‌డౌన్ వల్ల అప్పటికి ప్లాంటు ఆగిపోయి ఉంది. ఉత్పత్తి జరగడం లేదు. ట్యాంకులో నిల్వ ఉన్న స్టైరీన్ ఎండలకు వేడెక్కి, తనలో తానే గట్టిపడే చర్య మొదలైంది. ఆ చర్యే మళ్లీ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి చర్యను ఇంకా పెంచుతుంది. చల్లగా ఉంచుతూ, కలుపుతూ, చర్యను ఆపే రసాయనం సరిపడా వేస్తూ ఉండాలి, అది సరిగ్గా జరగలేదు. గాలికన్నా బరువైన ఆవిరి నేల మట్టంలో ఇళ్లలోకి పాకింది.

ఒక ప్లాంటు నడుస్తున్నప్పుడు పదిమంది కళ్లు దాని మీద ఉంటాయి. ఆగినప్పుడు ఆ కళ్లు పోతాయి, రసాయనం మిగులుతుంది. పెందుర్తి దారి నుంచి గాజువాక దాకా ఉన్న పారిశ్రామిక ప్రాంతంలో మూతపడ్డ ఏ యూనిట్‌కైనా ఇది వర్తిస్తుంది. 2012లో మూతపడ్డ హిందుస్థాన్ జింక్ స్మెల్టర్ ఊళ్లో అందరికీ తెలిసిన ఉదాహరణ. జింకు తీసే ఏ పరిశ్రమలోనైనా ముడిఖనిజంతో పాటు సీసం, కాడ్మియం వస్తాయి, అవి మట్టిలో, ధూళిలో చేరితే తుప్పులా కనిపించవు, వాసన రావు. అడుగున మడ్డి ఉన్న సంపులు, ట్యాంకులు, డ్రైన్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుని ఉండొచ్చు. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కు పనిచేయడం మానేస్తుంది కాబట్టి వాసన పోయిందని ధైర్యపడితే ప్రాణం మీదికి వస్తుంది. పడిపోయినవాణ్ణి తీయడానికి దిగిన రెండోవాడు, మూడోవాడు కూడా పోవడం ఇలాంటి చోట్ల తరచూ జరిగేదే. ఫొటోకు బంగళా బయటి నుంచైనా దొరుకుతుంది. ఫ్యాక్టరీకి మాత్రం కాంపౌండు గోడే హద్దు.

## చట్టం ఏమంటుంది

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అక్రమ ప్రవేశం 329వ సెక్షన్ కిందికి వస్తుంది. స్థలంలోకి నేరపూరితంగా చొరబడితే మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. ఇల్లు లాంటి కట్టడంలోకైతే ఏడాది దాకా జైలు. నేరం చేసే, లేదా ఆ స్థలం ఉన్నవాళ్లను బెదిరించే, అవమానించే, ఇబ్బంది పెట్టే ఉద్దేశం ఉండాలని చట్టం అంటుంది. ఊరికే చూడ్డానికే వెళ్లామని వాదించొచ్చు, కానీ ఆ వాదన స్టేషన్‌లోనో కోర్టులోనో చేసుకోవాల్సి వస్తుంది. పాత తలుపు గొళ్లెమో, రంగు గాజుపలకో జేబులో వేసుకుంటే అది 303వ సెక్షన్ కింద దొంగతనం. వందేళ్లు దాటిన కళాఖండమైతే 1972 పురావస్తు చట్టం కూడా ఉంది.

గుప్తనిధుల పిచ్చి ఈ భవనాలకు ఇంకో శత్రువు. పాత ఇల్లు, పాత గుడి, పాత సమాధి కనిపిస్తే చాలు, రాత్రికి రాత్రి తవ్వేవాళ్లున్నారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాచి ఉన్న, 10 రూపాయలకు మించిన విలువ గల దేన్ని కనుక్కున్నా కలెక్టరుకు తెలియజేయాలి. వీడియోలో 'లోపల ఏదో ఉందంట' అని ఒక్క మాట అంటే, దాన్ని విని గునపం పట్టుకుని వెళ్లేవాడొకడు ఉంటాడు. ఈ పరిణామాన్ని వీడియో తీసేవాళ్లు ఆలోచించాలి.

విశాఖకు ప్రత్యేకమైన చిక్కు నౌకాదళం. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఇక్కడే. డాల్ఫిన్ నోస్ కొండ మీద, రేవు అంచుల్లో పాతబడ్డ గోడ కనిపించిందని కెమెరా ఎక్కుపెడితే అది రక్షణ స్థలం కావచ్చు, అప్పుడు 1923 అధికార రహస్యాల చట్టం దాకా వ్యవహారం వెళ్తుంది. డ్రోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఎగరేసే ముందు కేంద్ర ప్రభుత్వపు డిజిటల్ స్కై మ్యాప్‌లో రెడ్ జోన్, అంటే అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకూడని చోటు, చూసుకోవాలి, ఊళ్లో చాలా భాగం ఆంక్షల కిందే ఉంటుంది.

## తాళం లేని వింతలు

ఇన్ని చిక్కులూ చదివాక ఇంక చూడటానికేముంది అనిపించొచ్చు. చాలా ఉంది, రోడ్డు మీదే ఉంది. పాత పోస్టాఫీసు ప్రాంతంలోని పాత యూరోపియన్ శ్మశానం సంగతే చూడండి, దానితో ముడిపడ్డ కథ ఇది. 1780 అక్టోబర్ 3న, 1857కి 77 ఏళ్ల ముందు, విశాఖలో కంపెనీ సిపాయిలు తిరగబడ్డారు. సముద్రం మీద మద్రాసుకు పంపబోతుంటే ఎక్కం అన్నారు, కాల్పులు జరిగాయి, ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. ఈ తిరుగుబాటు గురించి చాలామందికి తెలీదు. పక్కనే రాణీబొమ్మ సెంటరులో విక్టోరియా విగ్రహం ఉంది. కాస్త దూరంలో మూడు కొండల మీద చర్చి, దర్గా, గుడి వరసగా కనిపిస్తాయి.

1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి వచ్చిన విమానాలు కాకినాడతో పాటు విశాఖ మీదా బాంబులు వేశాయి. పట్నం జనం మూటాముల్లె సర్దుకుని లోపలి ఊళ్లకు వెళ్లిపోయారు. అప్పటి పిల్‌బాక్సులు, అంటే తుపాకీ పెట్టుకోవడానికి సన్నటి కంతలు వదిలిన కాంక్రీటు గదులు, బీచ్‌లో ఇప్పటికీ ఉన్నాయి. అలల కోత ఎక్కువైన ఏడాది ఇసుక జారి బయటపడతాయి, మళ్లీ ఇసుక కప్పేస్తుంది. నడిచివెళ్లేవాళ్లు చెత్తకుండీ గోడేమో అనుకుంటారు. ఆ దాడిలో పేలని బాంబు ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. ఆ మ్యూజియమే ఒక పాత డచ్చి బంగళాలో, 1991 నుంచి నడుస్తోంది.

భీమిలి వెళ్తే డచ్చివాళ్ల సమాధులు కోణాకారపు గోపురాలతో నిలబడి ఉంటాయి. 1825లో ఆ ఊరు డచ్చివాళ్ల నుంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. దారిలో మంగమారిపేట దగ్గర సముద్రం చెక్కిన రాతి తోరణం, ఎర్రమట్టి దిబ్బలు, కొండ మీద తొట్లకొండ బౌద్ధారామం. తొట్లకొండలో 2019 అక్టోబర్ వానలకు పునరుద్ధరించిన మహాస్తూపంలో కొంత భాగం కూలింది. రక్షణలో ఉన్న కట్టడానికే అలా అయితే, రక్షణ లేనివాటి పరిస్థితి ఊహించొచ్చు.

## ముందు ఏం జరగొచ్చు

నిలిచిన పాత భవనాలను వరసగా పెట్టి చూస్తే ఉమ్మడి లక్షణం ఒకటే: వాటిలో రోజూ ఏదో పని జరుగుతోంది. సెయింట్ అలోషియస్ స్కూలు 1847 నుంచి ఉంది, ఏవీఎన్ కాలేజీ 1860లో మొదలైన బడి నుంచి ఎదిగింది, కేజీహెచ్‌కు వందేళ్లు దాటాయి. టౌన్‌హాల్‌ను స్మార్ట్ సిటీ నిధులతో బాగు చేశారు. 2001లో విధుల నుంచి తప్పుకున్న కురుసుర జలాంతర్గామి మరుసటి ఏడాదే మ్యూజియం అయ్యి, టికెట్ డబ్బుతో, ఎప్పటికప్పుడు రంగులూ మరమ్మతులతో ఒడ్డున నిలిచింది. అదే తీరంలో, అదే గాలిలో 'ఎంవీ మా' తుప్పుపట్టింది. తేడా ఇనుములో లేదు, ఎవరు బాధ్యత తీసుకున్నారన్నదాంట్లో ఉంది.

ప్రైవేటు బంగళాల సంగతి అంత ఆశగా లేదు. పురావస్తు రక్షణ ప్రకటిస్తే కేంద్ర చట్టం కింద చుట్టూ 100 మీటర్లు కట్టడాలు నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే. అందుకే ఊరి మధ్య ఉన్న ఇంటికి ఆ రక్షణ రావడం కష్టం, పక్కవాళ్లే ఒప్పుకోరు. ముంబయి 1995లో వేరే దారి తీసింది. భవనాలను గ్రేడులుగా జాబితాలో పెట్టి, కూల్చాలంటే ప్రత్యేక కమిటీ అనుమతి కావాలంది, వాడుకోలేకపోయిన నిర్మాణ హక్కును టీడీఆర్‌గా వేరే చోట అమ్ముకునే వీలిచ్చింది. విశాఖలో టీడీఆర్ అంటే రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్లకిచ్చే బాండుగానే ఎక్కువమందికి తెలుసు. పాత ఇంటి వారసులకు అదే బాండు ఇవ్వగలిగితే లెక్క మారుతుంది. ఆరుగురికి పంచడానికి బాండు కూడా ఫ్లాట్ లాంటిదే, ఇల్లు కూల్చకుండానే పంచుకోవచ్చు. ఇలాంటి ఏర్పాటు లేనంతకాలం దావా తేలిన మరుసటి ఏడాదికి బంగళా ఉండదు.

ఈ లోపు ఈ భవనాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు చేయగలిగిన పని రోడ్డు మీంచే చేయొచ్చు. గేటు కమ్మీల పనితనం, చూరు కింద చెక్క నగిషీ, గుమ్మం మీద సున్నంతో పోసిన సంవత్సరం, కట్టించినవారి పేరు, వీటిని తేదీ వేసి ఫొటో తీసి ఉంచడం. వీధిలో పెద్దవాళ్లను అడిగి ఎవరు కట్టారో, తర్వాత ఏ ఆఫీసు ఉండేదో, ఎప్పుడు తాళం పడిందో రాసుకోవడం. వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ విశాఖ చాప్టర్ వన్‌టౌన్‌లో వారసత్వ నడకలు పెడుతుంటుంది, అక్కడ ఈ వివరాలు పట్టించుకునేవాళ్లు దొరుకుతారు. యజమాని కుటుంబంలో ఒకరు ఫోన్‌లో దొరికితే అనుమతి అడగొచ్చు. చాలామంది ఒప్పుకుంటారు, కొందరైతే పాత ఆల్బం కూడా తెచ్చి చూపిస్తారు. ఆ ఆల్బంలో ఉన్న ఇంటి ప్లాను, పెళ్లి పందిట్లో వెనక కనిపించే వరండా, స్తంభాల వరస రేపు మరమ్మతు చేయాలనుకున్న ఆర్కిటెక్టుకు ఏ అర్ధరాత్రి వీడియో కన్నా ఎక్కువ పనికొస్తాయి.